పెద్దవాళ్లకు ఇంట్లో వ్యాయామం: కుర్చీ, బెల్టు, రబ్బరు బ్యాండు, సైకిల్... వాడి చూశాక

ఎనభై దాటి, కర్ర పట్టుకుని గదిలోంచి హాల్లోకి రాగలిగే ఓపిక మాత్రమే ఉన్న పెద్దావిడకు, పగటిపూట బ్యూరో (ఇళ్లకు ఆయాలను పంపే సంస్థ) నుంచి వచ్చే ఆయా చేత ఇంట్లోనే చేయిస్తున్న వ్యాయామం గురించి ఈ సమీక్ష. బెంగళూరు అపార్టుమెంటులో చాలాకాలంగా సాగుతోంది కాబట్టి కొన్నవాటిలో ఏవి పనికొచ్చాయో, ఏవి అటకెక్కాయో చెప్పగలం. తీర్పు ముందే చెప్పేస్తాం. పద్ధతికి నూటికి నూరు, కొన్న వస్తువుల్లో సగానికే పాస్ మార్కులు. అన్నిటికంటే ఎక్కువ తేడా వచ్చింది ఆయా చేతుల దగ్గర. ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో ఆమెకు తెలిస్తేనే ఇది పనిచేస్తుంది.

పద్ధతికి ఆధారం న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో తయారైన ఒటాగో కార్యక్రమం. పెద్దవాళ్లు పడిపోకుండా ఉండటానికి కాళ్ల బలం, నిలకడ పెంచే కసరత్తులు వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా 65 దాటినవాళ్లకు వారానికి కనీసం మూడు రోజులు ఇలాంటివి ఉండాలంటాయి. బాగా నీరసంగా ఉన్నవాళ్లు అరగంట ఒక్క దమ్మున చేయలేరు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలతో మొదలుపెట్టాలి. ‘రోజూ కారిడార్లో నడిపిస్తున్నాం కదా’ అంటారు చాలామంది. నడక మంచిదే, కానీ కమోడ్ మీంచి లేచే బలం నడకతో రాదు. ఎవరికి ఏది వద్దో మొదట ఫిజియో (ఫిజియోథెరపిస్టు) ఇంటికొచ్చి చూసి రాసివ్వాలి. ఈ ఒక్క ఖర్చు మాత్రం తగ్గించుకోవద్దు.

వస్తువుల్లో మొదటి స్థానం కుర్చీది. చేతులున్న, చక్రాల్లేని, బరువైన చెక్క కుర్చీ కావాలి. సీటు ఎత్తు 17, 18 అంగుళాలు ఉండాలి. వెనక గోడకు ఆనించాలి. ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు. చేతుల మీద బరువు మోపి లేవబోతే నున్నటి టైల్స్ మీద దాని కాళ్లు విచ్చుకుంటాయి. సోఫా అసలే వద్దు, మనిషి అందులో కూరుకుపోతారు. మొదట్లో 17 అంగుళాల నుంచి లేవలేకపోతే గట్టి కొబ్బరిపీచు పరుపు ముక్క నాలుగంగుళాలది కవరు తొడిగి, జారకుండా సీటుకు కట్టేయండి. బలం వచ్చేకొద్దీ మందం తగ్గించుకుంటూ రావచ్చు. చేతికర్ర అడుగున వేసే రబ్బరు బుష్షులు సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. కుర్చీ కాళ్లకు పట్టే సైజు తెచ్చి తొడిగితే కుర్చీ కదలదు.

కూర్చుని లేవడమే మొత్తం కార్యక్రమానికి ప్రాణం, కాబట్టి కాస్త వివరంగా. ముందు సీటు అంచుకు జరగాలి. పాదాలు మోకాళ్లకంటే కొంచెం వెనక్కి, తుంటి వెడల్పున పెట్టాలి. తరవాత ముక్కు కాలివేళ్ల పైకొచ్చేదాకా ముందుకు వంగాలి. అప్పుడే కుర్చీ చేతుల మీద నొక్కి లేవాలి. నిలబడి మూడు అంకెలు, దిగేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెట్టాలి. ఆ లెక్క పెద్దావిడే పైకి చెప్పాలి. అంకెలు చెబుతుంటే ఊపిరి బిగపట్టడం కుదరదు, బీపీ ఒక్కసారిగా ఎగరదు. మొదట ఐదుసార్లు, కాసేపు ఆగి మళ్లీ ఐదు. అది తేలికయ్యాక పదికి వెళ్లాలి.

ఇక్కడ జరిగే తప్పులు రెండే. ఒకటి, చివర్లో కుర్చీలో ధబాలున కూలబడటం. ఎముకలు గుల్లబారినవాళ్లకు ఆ ఒక్క కుదుపుకే వెన్నుపూస చితకవచ్చు. అందుకే లేవడం కన్నా నిదానంగా దిగడం ముఖ్యమని ఆయాకు చెప్పాలి. రెండోది, ఆయా ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టి లాగడం, లేదా చంకల్లో చేతులు పెట్టి ఎత్తడం. భుజం కీలు జారవచ్చు, ఆయా నడుమూ పట్టేయవచ్చు. పైగా లాగినప్పుడు మనిషి ముందుకు వంగరు, వెనక్కి వాలతారు. ఇలా నెలల తరబడి చేయించినా తొడల్లో బలం రాదు, ఎందుకంటే లేచింది ఆయా బలంతో.

దీనికి విరుగుడు గైట్ బెల్టు. రెండంగుళాల వెడల్పు నూలు పట్టీ, గట్టి బకిల్. బట్టల మీదనుంచి నడుముకు కట్టాలి, లోపల రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి. నైటీ మీద కడితే పైకి జారి పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. చీర కుచ్చిళ్ల మీద కడితే ఆ బాధ తక్కువ. లేచాక ఒకసారి సర్ది బిగించాలి. ఆయా పెద్దావిడకు బలహీనంగా ఉన్న పక్కన, అరడుగు వెనక నిలబడి, అరచెయ్యి పైకి ఉండేలా బెల్టు కిందనుంచి పట్టుకోవాలి. పట్టుకోవాలి అంతే, లాగకూడదు. మోకాళ్లు నిజంగానే మడత పడితే గాల్లో నిలబెట్టే ప్రయత్నం వద్దు. తన ఒంటికి దగ్గరగా తీసుకుని, తన మోకాళ్లు వంచి, మెల్లగా నేలమీదకి దించాలి. కడుపు ఆపరేషన్ అయినవాళ్లకు, హెర్నియా ఉన్నవాళ్లకు బెల్టు కట్టేముందు డాక్టర్ని అడగాలి. కొన్నవాటిలో కుర్చీ తరవాత పూర్తి మార్కులు దీనికే.

నిలకడ కసరత్తులకు ఏమీ కొననక్కర్లేదు. వంటింటి గ్రానైట్ గట్టు చాలు. గ్యాస్ ఆపి, నేల పొడిగా తుడిచి, వెనక కుర్చీ వేసి, గట్టు మీద రెండు చేతులూ ఆన్చి మడమలు ఎత్తడం పదిసార్లు, తరవాత మునివేళ్లు ఎత్తడం పదిసార్లు. పాదాలు పక్కపక్కన పెట్టి పది సెకన్లు నిలబడాలి. అది వచ్చాక ఒక పాదం సగం ముందుకు, ఆ తరవాత మడమకు వేళ్లు తగిలేలా ఒకే వరసలో. పట్టు రెండు చేతుల నుంచి ఒక చేతికి, ఆపైన రెండు వేళ్లకు తగ్గించాలి. మేజోళ్లతో టైల్స్ మీద నిలబెట్టకూడదు. హవాయి చెప్పులూ వద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులే వేయాలి.

కాలికి కట్టే ఇసుక బరువులు బాగున్నాయి. అరకిలోతో మొదలుపెట్టాం. కుర్చీలో కూర్చుని మోకాలు చాపడానికి మూడు అంకెలు, దించడానికి ఐదు. పదేసి చొప్పున రెండు విడతలు తడబడకుండా చేస్తేనే బరువు పెంచాలి. వెల్‌క్రో అంచు పల్చబడిన చర్మాన్ని గీరుతుంది, మేజోడు మీదే కట్టండి. షుగర్ ఉంటే విప్పాక చీలమండ చుట్టూ ఎర్రబడిందేమో చూడాలి.

పసుపు రబ్బరు బ్యాండుకు సగం మార్కులే. చేతులకు మంచి కసరత్తు, కానీ కొబ్బరినూనె రాసిన చేతులతో పట్టుకున్నా, బాల్కనీ ఎండలో ఆరేసినా రబ్బరు పాడై పగుళ్లిస్తుంది. తెగితే ముఖానికి కొడుతుంది. వారానికోసారి వెలుతురులో సాగదీసి చూడాలి. వేళ్ల కీళ్లు నొప్పిగా ఉంటే చివర్లు వదులుగా ముడేసి మణికట్టుకు తగిలించాలి.

కూర్చుని తొక్కే చిన్న సైకిల్ మీద మాత్రం డబ్బు పెట్టకండి. టైల్స్ మీద ముందుకు జారుతుంది, తొక్కుడు బరువు పెంచే నాబ్ బిగిస్తే అది వేడెక్కుతుంది. మోకాళ్ల పట్టు కాస్త వదులుతుందే కానీ, లేవడానికి అది చేసే మేలు కనబడలేదు.

వేళ సంగతి. డిసెంబరు, జనవరిలో ఇక్కడ పొద్దున చలికి కీళ్లు బిగుసుకుంటాయి, పదింటికి మొదలుపెడితే మేలు. నీరు పోయే మాత్ర వేసుకున్నవాళ్లు మధ్యలో బాత్రూముకు పరిగెత్తాల్సి వస్తుంది, ఆ హడావిడి అయ్యాకే చేయించాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు షుగర్ 100 లోపుంటే ముందు చిన్న అరటిపండు తినిపించాలి. కూర్చున్నప్పటి బీపీ, లేచిన మూడు నిమిషాల్లోపు బీపీ చూసి, పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ రోజు నిలబడి చేసేవి మానేసి డాక్టర్‌కు చెప్పాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వస్తే వెంటనే ఆపాలి.

ఇక ఆయా. బాధ్యతగా పనిచేసే ఆయాలే ఈ కార్యక్రమాన్ని ఎక్కువగా ఆపేస్తారు, దానికి కారణం బద్ధకం కాదు. పెద్దావిడ పడితే మాట వచ్చేది తనమీదకే. కూర్చోబెట్టి అన్నీ అందిస్తే ‘బాగా చూసుకుంటోంది’ అని ఇంట్లో మెచ్చుకుంటారు. ఆ పరిస్థితిలో ఎవరైనా కూర్చోబెట్టే ఉంచుతారు. అందుకే పనిలో చేరిన రోజే ఇంటివాళ్లు నోరు తెరిచి చెప్పాలి: లేవడానికి ఎంతసేపు పట్టినా ఫరవాలేదు, జాకెట్టు గుండీలు ఆవిడే పెట్టుకోవాలి, నువ్వు పక్కనుంటే చాలు, నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఆ మాట నిలబెట్టుకోవాలి కూడా. ఫిజియో ముందు ఆయా చేతే మొత్తం చేయించి చూడాలి. బ్యూరో మనుషులు మారుతుంటారు, కాబట్టి ఒక్కో కసరత్తుకు ఒక ఫొటో, కింద ఎన్నిసార్లో అంకె రాసి ఫ్రిజ్ మీద అంటించండి. కన్నడం, హిందీ, ఒడియా ఏ భాష మనిషైనా చూసి చేయించగలుగుతుంది.

ఫలితం కొలవడానికి రెండడుగుల టైల్స్ ఐదు లెక్కపెడితే దాదాపు మూడు మీటర్లు. కుర్చీలోంచి లేచి అక్కడిదాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎంత పడుతుందో ఫోన్లో చూడాలి. 12 సెకన్లు, అంతకు మించితే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. బాగా బలహీనులకు ఇది 30 దాటినా నిరాశ వద్దు, వాళ్ల పాత అంకెతోనే పోల్చండి. నెలకోసారి, అదే కుర్చీ, అవే చెప్పులు. జ్వరమో ఆసుపత్రో అయి వచ్చాక పాత లెక్కకు వెళ్లకూడదు. పరుపు ముక్క మళ్లీ వేసి, బరువులు తీసేసి, సగంతో మొదలుపెట్టాలి. ఆ వారం బెల్టు లేకుండా బాత్రూముకు కూడా పంపొద్దు.