కార్బన్ మోనాక్సైడ్ అలారం: కొన్నేళ్లు వాడాక

శ్రీకాకుళం షాపుల్లో అడిగితే అందరూ గ్యాస్ లీక్ అలారమే చూపించారు. అది వంటగ్యాస్‌కు పనికొస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు కాదు. చివరికి ఆన్‌లైన్లో తెప్పించాను. తెర మీద పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో ఈ వాయువు ఎన్ని వంతులో) అంకె కనిపించే రకం, ధర రెండు వేలు దాటింది.

చాన్నాళ్లు గోడకు ఊరికే వేలాడింది. చెల్లి పురిటికొచ్చిన చలికాలంలో దాని పని తెలిసింది. మా వైపు బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు బిగించడం మామూలే. బొగ్గులు పెరట్లో రాజేసి, పొగంతా పోయి కణకణలాడాకే అమ్మమ్మ లోపలికి తెచ్చేది. ఆ రాత్రి అంకె పాకుతూ పాకుతూ వంద దాటింది, కాసేపటికి డబ్బా కూత మొదలెట్టింది.

"ఏటిరా ఇది, పొగే నేదు కదా!" అంది అమ్మమ్మ.

నిజమే, పొగ లేదు, వాసన లేదు, కళ్లు మండలేదు. ఎర్రటి బొగ్గుల నుంచి వచ్చే ఈ వాయువు కంటికీ ముక్కుకూ అందదు మరి. చెల్లికి మాత్రం సాయంత్రం నుంచి తలనొప్పి, వికారం. పురిటి నీరసమన్నారు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి పెడితే 98! ఈ వాయువు పట్టిన రక్తాన్ని కూడా ఆ పరికరం ఆక్సిజన్ ఉన్నట్టే చూపిస్తుంది. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకునే సరుకిది. తల్లీబిడ్డల్ని బయటికి తెచ్చి, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టారు, తేరుకున్నారు.

అమ్మమ్మ నా మాట కంటే ఆ అంకెను నమ్మింది. అందుకే తెర ఉన్నదే కొనమంటాను.

అగ్గిపుల్ల ఆర్పి ముందు పెడితే మోగలేదని ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లున్నారు. అన్యాయం. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం 50 పీపీఎం దగ్గర 60 నుంచి 90 నిమిషాలకు, 100 దగ్గర 10 నుంచి 40 నిమిషాలకు, 300 దగ్గర 3 నిమిషాల్లోపు మోగాలి. ఊరికే బెదరగొట్టకుండా అలా పెట్టారు.

విసుగు పుట్టించేది బ్యాటరీ. అయిపోవస్తే అర్ధరాత్రని చూడదు, నిమిషానికోసారి కీచుమంటుంది. టెస్ట్ బటన్ కూతనీ సర్క్యూట్‌నీ చూస్తుందే తప్ప సెన్సర్‌ను కాదు. సెన్సర్ ఆయుష్షు మోడల్‌ను బట్టి 7 నుంచి 10 ఏళ్లు, తేదీ వెనక ఉంటుంది.

అయినా ప్లగ్గులో పెట్టేది వద్దు, బ్యాటరీదే తీసుకోండి. 2018లో తిత్లీ తుఫానుకు పలాస వైపు కరెంటు ఎన్నాళ్లు లేదో మనకు తెలుసు. జనరేటర్లు వసారాలోకి వచ్చేది సరిగ్గా అలాంటప్పుడే, వాటి పొగలోనూ ఈ వాయువు ఉంటుంది. అయిదుకి నాలుగు ఇస్తాను. గ్యాస్ గీజర్ నుంచీ ఇది రావచ్చు కాబట్టి, అదున్న అత్తవారింటికీ ఒకటి ఆర్డర్ పెట్టాను.