బొగ్గు మానడానికి విదేశీ సొమ్ము: అప్పు మేలా, గ్రాంటు మేలా?

తిరుపతి నుంచి కడప దాటి ఎర్రగుంట్ల వైపు వెళ్తే రాయలసీమ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. 1650 మెగావాట్ల కేంద్రం. రేపెప్పుడైనా దాన్ని మూసేస్తే పర్మినెంటు ఉద్యోగిని ఇంకో చోటికి బదిలీ చేస్తారు. బూడిద లారీ డ్రైవరుకు, గేటు బయట టిఫిన్ బండి నడిపే ఆమెకు ఆ బదిలీ ఉండదు. బొగ్గు మానమని ధనిక దేశాలు ఇస్తామంటున్న డబ్బును నేను వీళ్ల వైపు నుంచే చూస్తాను.

2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గు మానడానికని దక్షిణాఫ్రికాకు 850 కోట్ల డాలర్లు ప్రకటించారు. మరుసటి ఏడు ఇండోనేషియాకు 2,000 కోట్లు, వియత్నాంకు 1,550 కోట్లు. వినడానికి ఘనంగానే ఉంది. కానీ దక్షిణాఫ్రికా ప్యాకేజీలో గ్రాంటు, అంటే తిరిగి కట్టక్కర్లేని సొమ్ము, 4 శాతం దగ్గరే ఆగింది. మిగతాదంతా దాదాపు అప్పులు, పెట్టుబడులు, గ్యారంటీలే. 2025లో అమెరికా ఈ ఒప్పందాల నుంచే తప్పుకుంది.

అప్పు చెడ్డదేం కాదు. మన చిత్తూరు పల్లెల్లో పాడి ఆవుకు అప్పు చేస్తే పాలడబ్బుతో కంతులు తీరతాయి. సోలార్ ప్లాంటుకూ అంతే, కరెంటు అమ్మి కట్టొచ్చు. చిక్కల్లా అప్పు డాలర్లలో, రాబడి రూపాయల్లో ఉండటం. రూపాయి పడినప్పుడల్లా ఆ భారం చివరికి మన కరెంటు బిల్లు మీదికే వస్తుంది.

పని పోయిన మనిషికి ఇచ్చే జీతం, నేర్పే కొత్త పని మాత్రం అసలు తిరిగి తెచ్చేవి కావు. 2022 అక్టోబరులో దక్షిణాఫ్రికాలో కొమాటి బొగ్గు కరెంటు కేంద్రాన్ని మూశారు. దానికి ప్రపంచ బ్యాంకు కూర్చిన 49.7 కోట్ల డాలర్లలో గ్రాంటు ఒక్క కోటి. ఉద్యోగులను వేరే కేంద్రాలకు సర్దారు, కాంట్రాక్టు వాళ్లు రోడ్డున పడ్డారు. మూత ముందు పడింది, కొత్త పనులు వెనకబడ్డాయి.

మన సొంత డబ్బు సంగతీ చూడాలి. స్వచ్ఛ ఇంధనం పేరిట 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయల సెస్సు పెట్టి, 2016కల్లా 400 చేశారు. 2017లో అది జీఎస్టీ వల్ల రాష్ట్రాలకు తగ్గే రాబడిని పూడ్చే నష్టపరిహారానికి మళ్లింది. 2025లో సెస్సే ఎత్తేశారు. ఆ నిధి నిలిచి ఉంటే ఇవాళ ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు.

నా మాట ఇది: ప్లాంట్లకు, కరెంటు లైన్లకు తక్కువ వడ్డీ అప్పు తీసుకుందాం, వీలైతే రూపాయల్లో. మనుషులకు మాత్రం గ్రాంటో, సొంత ఖజానానో. మూసివేత తేదీ రాసిన కాగితంలోనే కాంట్రాక్టు కార్మికుల జాబితా, వాళ్లకిచ్చే డబ్బు ఎక్కడిదో రాసి ఉండాలి. అది లేకపోతే వడ్డీ ఎంత తక్కువైనా సంతకం పెట్టకూడదు.