మత్తుమందు మారితే విద్యుత్ మోతాదూ మారాలి: ఒక ఈసీటీ విభాగంపై సమీక్ష

మా అన్నయ్యకు తీవ్రమైన డిప్రెషన్‌కు ఈసీటీ (మత్తులో ఉంచి, తలకు విద్యుత్ ఇచ్చి కొద్దిసేపు మూర్ఛ, అంటే ఫిట్స్, తెప్పించే చికిత్స) చేసిన విభాగంలో నాకు బాగా నచ్చింది, మత్తుమందును, విద్యుత్ మోతాదును ఒకే లెక్కగా చూడటం. మొదట ఇచ్చిన ప్రొపోఫాల్ అనే మత్తుమందుకు మూర్ఛ వ్యవధిని కుదించే గుణం ఉండటంతో, విద్యుత్ మోతాదు పెంచినా మూర్ఛ తొందరగా ఆగిపోయేది. ఇంకా పెంచితే మతిమరుపు ఎక్కువ కావచ్చని వివరించి, డాక్టరు ఎటోమిడేట్ అనే మరో మత్తుమందుకు మారారు. మూర్ఛ కంటికి కనిపించేలా, కండరాలను సడలించే మందు చేరకుండా చీలమండకు పట్టీ బిగించిన పాదం ఆ రోజు 40 సెకన్లు కదిలిందని, ఈఈజీ (మెదడు తరంగాల నమోదు) కాగితం చూపించి మరీ చెప్పారు. తలకు కుడివైపే విద్యుత్ ఇచ్చే పద్ధతిలో, మూర్ఛ మొదలయ్యే కనీస మోతాదుకు సుమారు 6 రెట్లు ఇస్తారు. మందు మారితే ఆ కనీసమూ మారవచ్చు కనుక, పాత అంకెతోనే సరిపెట్టకుండా మళ్లీ కొలిచారు. ఈ జాగ్రత్త అన్నిచోట్లా ఉండాలి. లోపం ఒక్కటే: మార్పు సంగతి థియేటర్ గుమ్మం దగ్గర కాక ముందురోజే చెప్పి ఉంటే, మాకు అంత కంగారు ఉండేది కాదు.