త్సుషిమా: మునిగిన ఓడల ఊరికి వెళ్ళి ఒకరోజు ఇరుక్కుపోయాం

మొదటే చెప్పేస్తాను, గుళ్ళూ చెర్రీ పూలూ బుల్లెట్ రైలూ చూద్దామని జపాన్ వచ్చేవాళ్ళకి త్సుషిమా దీవి పనికిరాదు. క్యూషూకీ కొరియాకీ మధ్య సముద్రంలో ఉన్న దీవి ఇది, నూటికి తొంభై వంతులు అడవీ కొండలే, బస్సులు రోజుకి నాలుగైదు ఉంటే గొప్ప. అయినా నేను వెళ్ళాలని మూడేళ్ళుగా అనుకుంటూ ఉన్నాను. రష్యా జపాన్ యుద్ధంలో, 1905 మే 27, 28 తేదీల్లో, రష్యా బాల్టిక్ నౌకాదళం ఈ దీవి పక్కనే దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. సగం ప్రపంచం చుట్టి, 33 వేల కిలోమీటర్లు వచ్చి, రెండు రోజుల్లో అయిపోయారు. ఆ కథ ఒకసారి తలకెక్కితే దిగదు.

ముగ్గురం వెళ్ళాం. నేను, మా ఆవిడ, హైదరాబాద్ నుంచి రెండు వారాల కోసం వచ్చిన మా బావమరిది. ప్లానింగ్ అంతా నాదే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ముందు యోకోసుకా. టోక్యో వైపు ఉండేవాళ్ళకి ఇది సగం రోజు పని. యోకోసుకా చూవో స్టేషన్‌లో దిగి పదిహేను నిమిషాలు నడిస్తే మికాసా పార్కు వస్తుంది. జపాన్ నౌకాదళాధిపతి టోగో అడ్మిరల్ యుద్ధం నడిపించిన ఓడ మికాసా అక్కడే ఉంది, నీళ్ళలో కాదు, అడుగుభాగం కాంక్రీటులో దిగేసి. టికెట్టు మేం వెళ్ళినప్పుడు 600 యెన్లు. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఇలాంటివంటే నాకు ముందునుంచీ పిచ్చి, కానీ కురుసురలో వంగి వంగి నడవాలి, ఇక్కడ హాయిగా గంటన్నర తిరగొచ్చు. ఇంగ్లీషు బోర్డులు ఉన్నాయి. పై బ్రిడ్జి మీద టోగో ఎక్కడ నిలబడ్డాడో, పక్కన ఎవరు నిలబడ్డారో కింద గుర్తులు పెట్టారు. నెత్తిమీద కప్పు లేదు, చుట్టూ ఉక్కు గోడ లేదు, గుండ్లు పడుతుంటే ఆ మనిషి అక్కడే నిలబడ్డాడు. మా బావమరిది ఆ గుర్తు మీద నిలబడి ఫోటో దిగి "బావా, మా మేనేజర్ అయితే కింద ఏసీ రూములో కూర్చునేవాడు" అన్నాడు.

మికాసా బాగుంది, కానీ అది గెలిచినవాళ్ళ ఇల్లు. రష్యన్లు అక్కడ బాణం గుర్తుల్లాగా మ్యాపు మీద వచ్చి, ఎర్రగా మారి, మాయమైపోతారు. మొత్తం యుద్ధం ముగిసిన కొద్దిరోజులకే, అదే ఏడాది సెప్టెంబరులో, ఇదే మికాసా ససెబో రేవులో మందుగుండు పేలి మునిగిపోయింది, రెండు వందల మందికి పైగా పోయారు, తర్వాత పైకి తీశారు. త్సుషిమాలో ఆ రెండు రోజుల్లో జపాన్ మొత్తం పోగొట్టుకున్నది 117 మందిని. ఈ పోలిక తట్టాక కాసేపు ఏమీ మాట్లాడాలనిపించలేదు. భోజనానికి ఊళ్ళో నేవీ కర్రీ అని అమ్ముతారు, అన్నం మీద చిక్కటి తియ్యటి కూర, పక్కన పాలగ్లాసు. మనవాళ్ళకి అది కర్రీ అనిపించదు, కానీ కడుపు నిండుతుంది. టైముంటే పార్కు పక్కనుంచే పడవెక్కి సరుషిమా దీవికి వెళ్ళొచ్చు, పది నిమిషాలే.

ఇక్కడ కాస్త కథ చెప్పాలి, లేకపోతే త్సుషిమాలో చూసేది కొండా సముద్రమే అనిపిస్తుంది.

1904 అక్టోబరులో లిబావా రేవు (ఇప్పుడది లాట్వియాలో ఉంది) నుంచి ఈ నౌకాదళం బయల్దేరింది. నాయకుడు రోజెస్త్వెన్‌స్కీ. చైనా తీరంలోని పోర్ట్ ఆర్థర్ రేవులో జపాన్ ముట్టడిలో ఇరుక్కున్న తమవాళ్ళని ఆదుకోవాలని ప్రయాణం. వారం తిరక్కుండానే ఉత్తర సముద్రంలో, రాత్రిపూట, జపాన్ టార్పెడో పడవలు వచ్చేశాయన్న భయంతో ఇంగ్లాండు హల్ ఊరి చేపల పడవల మీద కాల్పులు జరిపారు. ఒక పడవ మునిగింది, జాలర్లు చనిపోయారు, ఆ గందరగోళంలో సొంత క్రూజర్ అవ్రోరా మీద కూడా గుండ్లు పడి అందులో ఉన్న మతగురువు తర్వాత చనిపోయాడు. జపాన్ పడవలు అక్కడికి ఎలా వస్తాయని ఎవరూ గట్టిగా అడిగినట్టు లేదు. పారిస్‌లో విచారణ సంఘం కూర్చుని, అక్కడ టార్పెడో పడవలేవీ లేవు, కాల్పులు సమర్థనీయం కాదు అని తేల్చింది. తేల్చి, అదే తీర్పులో ఇందువల్ల అడ్మిరల్ సైనిక సామర్థ్యానికి గానీ మానవత్వానికి గానీ మచ్చ రాదని కూడా రాసింది! రష్యా 66 వేల పౌండ్లు కట్టి బయటపడింది. తప్పు జరిగింది, చేసినవాడు మాత్రం లేడు. ఈ ప్రయాణం మొదలైందే ఇలా.

తర్వాత ఆఫ్రికా చుట్టూ తిరిగి మడగాస్కర్ పక్కన నోసీ బే దగ్గర రెండు నెలలకి పైగా పడి ఉన్నారు. ఎండ, జబ్బులు, ఒళ్ళంతా బొగ్గు మసి. పోర్ట్ ఆర్థర్ లొంగిపోయిందన్న కబురు అక్కడే అందింది. అంటే ఎవరిని కాపాడ్డానికి బయల్దేరారో వాళ్ళే లేరు. వెనక్కి రమ్మన్నారా? లేదు. రాజధాని పీటర్స్‌బర్గ్‌లో కూర్చున్నవాళ్ళు, ఆగండి, ఇంకొన్ని ఓడలు పంపుతున్నాం అన్నారు. అవి ఎంత పాతవంటే నావికులు వాటికి "తమంతట తామే మునిగేవి" అని పేరు పెట్టారు. రోజెస్త్వెన్‌స్కీ కూడా అవి నాకొద్దు మొర్రో అన్నాడు. అయినా వచ్చాయి, వాటిని తెచ్చినవాడు నెబొగాతోవ్ అనే ఇంకో అడ్మిరల్, వియత్నాం తీరంలో వచ్చి కలిశాడు. పద్దెనిమిది నాట్ల వేగంతో పోగల కొత్త యుద్ధనౌకలు, వీటివల్ల తొమ్మిది నాట్ల నడకతో యుద్ధంలోకి వెళ్ళాయి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం ఇంకొకటి. యుద్ధానికి రెండు రోజుల ముందు, ఒక విభాగానికి అధిపతి అయిన ఫెల్కెర్‌జామ్ జబ్బుతో చనిపోయాడు. రోజెస్త్వెన్‌స్కీ ఆ సంగతి దాచాడు. చనిపోయినవాడి జెండా అలాగే ఎగురుతోంది, శవపేటిక ఓడలోనే ఉంది, మూడో విభాగం నడిపిస్తున్న నెబొగాతోవ్‌కి కూడా చెప్పలేదు. తనవాళ్ళ ధైర్యం చెడిపోకూడదని కావచ్చు. కానీ రోజెస్త్వెన్‌స్కీకి ఏదైనా అయితే తర్వాత పగ్గాలు తనవేనని నెబొగాతోవ్‌కి తెలియకుండా పోయింది. మధ్యాహ్నం యుద్ధం మొదలైన కాసేపటికే పెద్దాయన తలకి గాయమై పడిపోయాడు, సాయంత్రం దాకా ఆ దళానికి పెద్దదిక్కు ఎవరో దళానికే తెలియదు.

సరే, ప్రయాణం. విమానంలో ఫుకుఓకా, అక్కడి హకాతా రేవు నుంచి ఇజుహారాకి జెట్‌ఫాయిల్ అనే వేగంగా పోయే పడవ, రెండుంబావు గంటలు. మామూలు ఫెర్రీ చౌక, కానీ ఐదు గంటలకి కాస్త తక్కువ పడుతుంది. వెళ్ళేటప్పుడు సముద్రం చెరువులా ఉంది. ఇజుహారాలో చిన్న హోటల్లో దిగాం, గది అగ్గిపెట్టెలా ఉన్నా శుభ్రం, రిసెప్షన్‌లో ఆవిడకి ఇంగ్లీషు రాకపోయినా కాగితం మీద బొమ్మలు గీసి దారి చెప్పింది. కారు లేకుండా ఈ దీవిలో తిరగలేరు. మనదేశంలో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడ చెల్లుతుంది కాబట్టి మా బావమరిదే నడిపాడు. నేను తప్పుచేసింది ఇక్కడే, ఇజుహారాలో తీసుకున్న కారు ఉత్తరాన హితకత్సులో వదిలేయొచ్చు అనుకుని బుక్ చేశాను, ఆ కంపెనీవాళ్ళు అలా కుదరదన్నారు. వాళ్ళ పేజీలో రాసే ఉంది, నేనే చదవలేదు. కాబట్టి రెండుగంటలకి పైగా పట్టే సన్నటి వంకర దారిలో పైకెళ్ళి మళ్ళీ కిందికి రావాల్సి వచ్చింది.

దారిలో మన్‌జెకి వంతెన దగ్గర ఆగండి. కింద కనిపించే కాలువ సహజమైంది కాదు, 1900లో జపాన్ నేవీ టార్పెడో పడవలు ఈ పక్క నుంచి ఆ పక్కకి దాటాలని దీవిని అడ్డంగా తవ్వేసింది. అప్పటికి యుద్ధం ఇంకా నాలుగేళ్ళ దూరం. అవతలివాళ్ళు మందుగుండు ప్రాక్టీసుకి కూడా దిక్కులేక సముద్రాలు దాటారు, వీళ్ళు ముందే దీవి కోసి పెట్టుకున్నారు.

తిండి విషయం. శాకాహారులకి కష్టం, కష్టం కాదు, నరకం. ఉత్త సూపు అన్నా అందులో చేప పులుసే. మా ఆవిడ రెండు రోజులు ప్యాకెట్ అన్నం, ఆవకాయ, కన్వీనియెన్స్ స్టోర్ పెరుగుతో గడిపింది. నేనూ బావమరిదీ అనాగో అనే పాములాంటి చేప తిన్నాం, మెత్తగా చాలా బాగుంది. చిలగడదుంప పిండితో రొకుబె అని నూడుల్స్ చేస్తారు, ఒకసారికి చాలు.

ఉత్తరాన తోనోసాకి అని కొన ఉంది. ఈ ప్రయాణమంతా దానికోసమే. వ్లాదిమీర్ మోనోమాఖ్ అనే పాత రష్యన్ క్రూజర్ రాత్రి టార్పెడో తగిలి, తెల్లారాక సొంతవాళ్ళే ముంచేస్తే, అందులోంచి 143 మంది పడవల్లో ఈ ఒడ్డుకి కొట్టుకొచ్చారు. ఊరివాళ్ళు భయపడి ఉంటారు, అయినా బావి చూపించి నీళ్ళిచ్చారు, ఆ రాత్రి ఇళ్ళలో పడుకోబెట్టారు. ఇప్పుడక్కడ పెద్ద కంచు శిల్పం ఉంది. యుద్ధం బొమ్మ కాదది, ససెబో ఆసుపత్రిలో తలకి కట్టుతో మంచం మీద ఉన్న రోజెస్త్వెన్‌స్కీని టోగో చూడ్డానికి వచ్చిన దృశ్యం. టికెట్టు లేదు, గైడు లేడు, మేం ఉన్న గంటలో ఇంకో జంట తప్ప ఎవరూ రాలేదు. ఎదురుగా నీలంగా సముద్రం. మికాసాలో బాణం గుర్తులుగా చూసినవాళ్ళు ఇక్కడ దాహంతో ఒడ్డుకొచ్చిన మనుషులు. నా లెక్కలో ఈ మొత్తం ట్రిప్పులో దీన్ని మించింది లేదు.

ఈ కథ కోసం ఎక్కడికి వెళ్ళాలని నాలుగేళ్ళ ముందు అడిగి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. 2019లో ఆఫీసు పనిమీద పీటర్స్‌బర్గ్ వెళ్ళినప్పుడు అదే అవ్రోరా ఎక్కాను, నదిలో మెరుగుపెట్టిన బొమ్మలా ఉంటుంది, మెట్రో దిగి నడిచి వెళ్ళొచ్చు. అక్కడ జనం అంతా 1917 విప్లవంలో పేల్చిన ఉత్త తూటా గురించే అడుగుతారు. త్సుషిమాలో ఆ ఓడ కెప్టెన్ చనిపోయాడని చెప్పే మూలకి వచ్చేసరికి గుంపు ముందుకి వెళ్ళిపోయింది. నాకు ఆ ఊళ్ళో బాగా గుర్తున్నది సెయింట్ నికొలస్ నావికుల చర్చి తోటలోని రాతిస్తంభం. అలెగ్జాండర్ III అనే యుద్ధనౌకలో ఒక్కడు కూడా బతకలేదు, వాళ్ళకోసం నిలిపింది.

తోనోసాకిలో ఆ శిల్పం ముందు కూర్చుని తప్పు ఎవరిదని ముగ్గురం వాదించుకున్నాం. గాయపడ్డ రోజెస్త్వెన్‌స్కీని ఎక్కించుకున్న పడవ కాల్పులు లేకుండానే లొంగిపోయింది. మర్నాడు నెబొగాతోవ్ చుట్టూ జపాన్ ఓడలు కమ్ముకుంటే, తన గుండ్లు వాళ్ళని అందుకోవని చూసి, మిగిలిన ఓడలు అప్పగించాడు. రెండువేల మందికి పైగా బతికారు. 1906లో కోర్టులు. రోజెస్త్వెన్‌స్కీ బాధ్యతంతా నాదే, శిక్షించండి అన్నాడు, స్పృహలో లేడని వదిలేశారు. నెబొగాతోవ్‌కి మరణశిక్ష వేసి, పదేళ్ళ కోట జైలుగా తగ్గించారు, 1909లో బయటికొచ్చాడు. ఈ ఓడలన్నీ పంపినవాళ్ళని, ఆగమని పాతవి తగిలించినవాళ్ళని బోనెక్కించలేదు.

మా ఆవిడ, రోజెస్త్వెన్‌స్కీ కనీసం నాదే అన్నాడుగా అంది. నాకు అదే మింగుడుపడదు. ఓడిపోయాక అన్నీ నావే అనడం సులువు, ఫెల్కెర్‌జామ్ పోయాడని ముందురోజు నెబొగాతోవ్‌కి ఒక పడవ పంపి చెప్పడం కష్టమా? అంత దూరం ఆ తుక్కు ఓడలన్నిట్నీ సముద్రంలోనే బొగ్గు ఎక్కించుకుంటూ ఒక్కటీ పోకుండా తెచ్చిన మనిషి, పనిమంతుడే, నేను కాదనను. కానీ పక్కవాడికి ఏమీ చెప్పని పనిమంతుడు.

ఇది అంటుంటే మా బావమరిది నా మొహంలోకి చూశాడు. వాడికి అప్పటికి తెలియని సంగతి ఏమిటంటే, మర్నాడు అలలు ఎక్కువగా ఉంటాయని, జెట్‌ఫాయిల్ రద్దు కావచ్చని తోనోసాకికి వచ్చేముందు రాత్రే నా ఫోన్లో చూశాను. మూడ్ పాడవుతుందని చెప్పలేదు. పొద్దున్నే రేవుకి వెళితే బోర్డు మీద రద్దు. విమానాల్లో సీట్లు లేవు. బావమరిదికి మర్నాడు పొద్దున ఫుకుఓకా నుంచి హైదరాబాద్ టికెట్టు, అది పోయింది. జెట్‌ఫాయిల్ డబ్బు కౌంటర్లో మారుమాట్లాడకుండా వాపసు ఇచ్చారు. విమానం డబ్బులో సగం కూడా రాలేదు. నేను "తప్పు నాదే" అన్నాను. వాడు రెండు నిమిషాలు ఏమీ అనకుండా, "మొన్న రాత్రే చెప్పుంటే నిన్న సాయంత్రం ఫెర్రీ పట్టుకునేవాళ్ళం కదా బావా" అన్నాడు.

కాబట్టి వెళ్ళేవాళ్ళకి: తిరుగు ప్రయాణానికీ విమానానికీ మధ్య ఒకరోజు ఖాళీ ఉంచుకోండి, కారు తీసుకున్నచోటే ఇవ్వాలేమో చూసుకోండి, మే మొదటివారంలో వెళితే వనియూరా ఊరి చుట్టూ కొండ తెల్లపూలతో నిండి ఉంటుందట, మేం వెళ్ళేసరికి రాలిపోయాయి. చిక్కుపడ్డ ఆ ఒక్కరోజూ ఇజుహారాలో వాన, గదిలో ముగ్గురం పేకాట. బావమరిది ఒక్క ఆట కూడా ఓడిపోలేదు.