నాలుగేళ్ళుగా వెలుగుతున్న ఎంటర్‌ప్రైజ్: 1:350 కిట్‌తో నా అనుభవం

స్టార్ ట్రెక్‌లో కనిపించే ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్షనౌకకు, ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసుకునే నమూనా ఇది. దానికి మొదటిసారి కరెంటు ఇచ్చిన రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పేసి స్విచ్ నొక్కాను. కిటికీలు వెలిగాయి. వాటితోపాటు గోడలూ వెలిగాయి. అతుకుల వెంబడి సన్నటి తెల్లగీత, నౌక ముందుభాగంలో ఉండే గుండ్రటి పళ్ళెం అడుగున ఎల్ఈడీ ఎక్కడెక్కడ ఉందో పట్టించేస్తూ గుండ్రటి మచ్చలు. కాంతివేగాన్ని దాటి పోయే నౌక కాస్తా కాగితం చుట్టిన లాంతరైపోయింది. అప్పటికి ఆరునెలలుగా దానిమీద కూర్చున్నాను. పైగా పై చిప్ప, కింది చిప్ప అప్పటికే జిగురు పెట్టి మూసేశాను.

కత్తి మొన అతుకులో దూర్చి చుట్టూ విడదీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అంచు ఒకచోట పెళుక్కుమని విరిగింది. పుట్టీతో పూడ్చిన ఆ చోటు ఇప్పటికీ నా కంటికి కనిపిస్తుంది, వేరేవాళ్ళకి చూపించినా కనిపించదు. నాలుగేళ్ళ తర్వాత ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ రాత్రే. ఇలాంటి కిట్‌లో దీపాలు పెట్టడం తేలిక, అనవసరమైన చోట వెలుగు రాకుండా ఆపడమే అసలు పని. పెట్టె మీద ఆ ముక్క ఎక్కడా రాయరు.

ముందు కిట్ సంగతి. ఇది స్టార్ ట్రెక్ మొదటి టీవీ ధారావాహికలో, అంటే 1966లో ప్రసారం మొదలైన దానిలో కనిపించే ఎంటర్‌ప్రైజ్. కథలో నౌక పొడవు 947 అడుగులు, దాదాపు 289 మీటర్లు. 1:350 అంటే అందులో 350వ వంతు, కాబట్టి 350తో భాగిస్తే బల్లమీద 82 సెంటీమీటర్ల పైచిలుకు. అంకె చదివినప్పుడు పెద్దగా అనిపించదు. పూర్తయ్యాక ఏ అల్మరాలోనూ పట్టకపోతేగానీ తెలిసిరాదు. నేను బీరువా పైన పెట్టాను. అది పొరపాటని తర్వాత తెలిసింది, ఎందుకంటే ఈ నౌక అందమంతా పైనుంచి, కొంచెం పక్కనుంచి చూసినప్పుడే. కంటి ఎత్తుకు కాస్త దిగువన పెట్టుకోండి.

అతికించే పని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. భాగాలు బాగానే కుదురుతాయి, సూచనల కాగితం అర్థమవుతుంది, పుట్టీ అవసరం తక్కువ. పళ్ళెం మీద చెక్కిన సన్నటి గళ్ళ గీతల గురించి మాత్రం అభిమానుల్లో తెగని వాదన ఉంది. అవి మరీ లోతుగా ఉన్నాయని కొందరు పుట్టీతో పూడ్చి ఎమరీ పేపర్‌తో రుద్దేస్తారు. నేను వదిలేశాను. ప్రైమర్ అనే అడుగుపూత, రెండు పూతల బూడిదరంగు, పైన మెరుపులేని మాట్ వార్నిష్ పడ్డాక అడుగు దూరం నుంచి చూస్తే గీతలు దాదాపు కలిసిపోయాయి. దానికోసం వారం రోజులు రుద్దేంత ఓపిక నాకు లేదు, ఉన్నవాళ్ళని ఆపను.

ఇక వెలుగును ఆపడం. ఈ ప్లాస్టిక్, అంటే పాలిస్టైరీన్, చేతిలో పట్టుకుంటే గట్టిగా, ఏమీ కనిపించనట్టు ఉంటుంది. వెనక టార్చి పెట్టి చూడండి, వేలి నీడ కనిపిస్తుంది. లోపలివైపు నల్లరంగు రెండు పూతలు తప్పనిసరి, నేను మూడు వేశాను. ఆరాక దానిమీద తెల్లరంగు. నలుపు వెలుగును బయటికి పోనివ్వదు, తెలుపు దాన్ని లోపలే అటూ ఇటూ కొట్టి కిటికీలన్నిటికీ సమంగా పంచుతుంది. తెలుపు మానేసి నలుపుతో సరిపెడితే ఎల్ఈడీ ఎదురుగా ఉన్న కిటికీ కళ్ళు చెదిరేలా, పక్కది మసగ్గా ఉంటుంది. రంగు వేశాక చీకటిగదిలో టార్చి లోపల పెట్టి ప్రతి అంగుళం చూడాలి. సూదిబెజ్జమంత చోటు ఖాళీ ఉన్నా నక్షత్రంలా మెరుస్తుంది. నాకు మొదటి పరీక్షలో నలభైదాకా తేలాయి.

అతుకులు వేరే కథ. రెండు భాగాలు ఎంత బిగువుగా కూర్చున్నా వాటి మధ్య నుంచి వెలుగు కారుతుంది. లోపలివైపు అతుకు పొడవునా సన్నటి ప్లాస్టిక్ పట్టీ అంటించి, ఒక చిప్ప దానిమీద ఎక్కి కూర్చునేలా చేశాను. చేయి పట్టనిచోట అల్యూమినియం టేపు అంటించాను. ఇంకోటి, జిగురు పట్టే అంచుల మీద రంగు ఉంటే గీకేయాలి. ఈ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి కలిపేది, రంగు మీద వేస్తే రంగుపొరను మాత్రమే పట్టుకుంటుంది. మొదటిసారి నా చిప్పలు మళ్ళీ విడదీయగలిగానంటే కారణం అదే. ఆ తప్పే నన్ను రక్షించింది కూడా.

కరెంటు లెక్క చిన్నదే, కానీ నేను అక్కడా బోల్తాపడ్డాను. 12 వోల్టుల అడాప్టర్ తీసుకుని తెల్ల ఎల్ఈడీలు మూడేసి ఒక వరసలో కలిపాను. ఒక్కోటి సుమారు 3 వోల్టులు తీసుకుంటే 9, మిగిలిన 3 వోల్టులు కరెంటును అదుపుచేసే రెసిస్టర్ మీద పడతాయి. 150 ఓమ్‌లు పెడితే 20 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. ఎల్ఈడీ తట్టుకుంటుంది గానీ చూసేవాడి కన్ను తట్టుకోదు. కిటికీలు బెజ్జాల్లోంచి వెల్డింగు చేస్తున్నట్టు ఉన్నాయి. 330కి మార్చాను, ఇంకా ఎక్కువే. చివరికి 1000 ఓమ్‌ల దగ్గర, అంటే 3 మిల్లీ ఆంపియర్ల దగ్గర, లోపల మనుషులు కాపురముంటున్న వెలుగు వచ్చింది. రంగు విషయంలో కూడా ట్యూబులైటులాంటి నీలితెలుపు వద్దు. 4000 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే అంకె) దగ్గర ఉండే తెలుపు తీసుకోండి.

పళ్ళెం అంచున ఎడమపక్క ఎరుపు, కుడిపక్క ఆకుపచ్చ దీపాలుంటాయి, సముద్రంలో ఓడలకీ ఆకాశంలో విమానాలకీ ఉన్నట్టే. ఆ ఎర్రదాన్ని బద్ధకించి పక్కనున్న తెల్ల ఎల్ఈడీకి జంటగా ఒకే రెసిస్టర్ మీద కలిపాను. ఎరుపు వెలిగింది, తెలుపు చచ్చింది. ఎర్ర ఎల్ఈడీకి 2 వోల్టులు చాలు, కరెంటంతా అదే మింగేస్తుంది, తెల్లదానికి కావలసిన 3 వోల్టులు ఎప్పటికీ అందవు. ఎల్ఈడీ కాలిపోయిందనుకుని రెండుసార్లు మార్చాను. మూడోది కూడా వెలగకపోయేసరికి కాగితం తీసి గీసుకుంటే తప్పు తెలిసింది. ఏ రంగుకి ఆ రంగు వేరే వరస, వేరే రెసిస్టర్.

సోల్డరింగ్ అంతా బయటే చేసి, వేడికి ముడుచుకుని తీగను పట్టేసే ష్రింక్ ట్యూబ్ తొడిగి, అప్పుడు లోపల పెట్టండి. ఈ ప్లాస్టిక్ 100 డిగ్రీలకే మెత్తబడుతుంది, సోల్డర్ ముక్కు 350 దగ్గర ఉంటుంది. తగలక్కర్లేదు, దగ్గరికొస్తే చాలు. నాకు ఒక కిటికీ చట్రం కన్ను సగం మూసినట్టు వంగిపోయింది.

తీగలు ఎటునుంచి తీయాలనే సమస్య ఈ నౌకతోపాటే పుట్టింది. చిత్రీకరణకు వాడిన అసలు నమూనా 11 అడుగుల పొడవుది, 1964లో తయారైంది. మొదట దీపాల్లేవు. తర్వాత దీపాలు పెట్టినప్పుడు తీగలను ఎడమపక్క నుంచి లోపలికి తీసుకెళ్ళారు. ఆపైన కెమెరాకు ఎప్పుడూ కుడిపక్కే చూపించారు. ఆ నమూనా 1974 నుంచి అమెరికాలోని స్మిత్సోనియన్ వాళ్ళ జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియం దగ్గర ఉంది. 2016లో మరమ్మతు పూర్తిచేసి లోపల ఎల్ఈడీలు పెట్టి మళ్ళీ ప్రదర్శనకు పెట్టారు. వాళ్ళకి ఒకపక్కనుంచి చూసే కెమెరా ఉండేది. నాకు మా అక్క కూతురుంది, చుట్టూ తిరిగి, కిందకి వంగి, కుర్చీ ఎక్కి మరీ చూస్తుంది. అందుకని తీగలన్నీ పళ్ళేనికి వెనక, కిందుగా ఉండే నౌక పొట్ట కింద స్టాండులోని ఇత్తడి గొట్టం గుండా దింపి, అడుగున ప్లగ్గు పెట్టాను. ఈ కిట్‌లో నేను చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

వెనక ఉన్న రెండు పొడవాటి ఇంజన్ గొట్టాల ముందు గుండ్రటి నారింజరంగు గుమ్మటాలుంటాయి. తెరమీద వాటిలో ఏదో తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అసలు నమూనాలో మోటారుతో తిరిగే రెక్కలు, వాటి వెనక రంగు బల్బులు, అద్దం ముక్కలు ఉండేవి. నేనూ ముచ్చటపడి చిన్న మోటార్లు పెట్టాను. మొదటి నెల చూడముచ్చటగా ఉంది. ఏడాది తిరిగేసరికి గుయ్యిమని మూలుగు మొదలైంది. బోలు గొట్టం కదా, తంబురా బుర్రలాగా ఆ మూలుగును ఇంకా పెంచింది. టీవీ చూస్తుంటే అదే వినిపించేది. చివరికి మోటార్లు పీకేసి గుండ్రంగా అమర్చిన ఎల్ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగే చిన్న సర్క్యూట్ పెట్టాను. నిజం చెప్పాలంటే రెక్కల నీడలో ఉన్న ప్రాణం దీనిలో లేదు. కానీ చప్పుడు లేదు. గుమ్మటాలను జిగురు పెట్టకుండా బిగువుగా తోసి ఉంచాను కాబట్టే ఈ మార్పు ఒక్క గంటలో అయింది.

కిటికీల గాజుముక్కలకు సూపర్ గ్లూ వాడొద్దు. దాని ఆవిరి మూసిన చోట తెల్లటి పొడిలా పేరుకుంటుంది. వేలిముద్రలు పట్టడానికి పోలీసులు వాడేదీ ఆ ఆవిరినే. నాకు రెండు కిటికీలు శీతాకాలం పొద్దున అద్దంలా మసకబారాయి. మిగతావాటికి తెల్ల జిగురు వాడాను, ఆరాక పారదర్శకమైపోతుంది, తప్పు జరిగితే తడిగుడ్డతో తుడిచెయ్యొచ్చు.

నాలుగేళ్ళ లెక్క చెప్తాను. రోజూ సాయంత్రం మూడుగంటల చొప్పున నాలుగువేల గంటలు దాటి వెలిగింది. ఎల్ఈడీ ఒక్కటీ పోలేదు, 3 మిల్లీ ఆంపియర్ల పుణ్యం. పోయినవి రెండు: అడాప్టర్ ఒకసారి, వెనక పొట్టలో పళ్ళేనికి వెళ్ళే ఒక తీగ అతుకు ఒకసారి. ఆ అతుకు ష్రింక్ ట్యూబ్ వెయ్యకుండా టేపు చుట్టి వదిలేసినది. దానితో వరసలోని మూడు దీపాలూ ఆరిపోయాయి. పళ్ళెంలో ఒక పక్క కిటికీలు చీకటైపోతే మా అక్క కూతురు చూసి, “వాళ్ళకి డ్యూటీ అయిపోయింది, పడుకున్నారు మావయ్యా” అంది. అందుకే బాగుచేయడం ఇంకా వాయిదా వేస్తున్నాను. నిజానికి అసలు కారణం వేరే. ఆ పొట్ట జిగురుతో మూసేశాను, తెరవాలంటే మళ్ళీ కత్తి పట్టాలి. అక్కడ అయస్కాంతాలతో మూతపడేలా చేసుంటే సరిపోయేది.

ఇంజన్ గొట్టాలు మోసే సన్నటి కాళ్ళలో ఇత్తడి కడ్డీ పెట్టాను కాబట్టి వంగలేదు, పెట్టకపోతే బరువుకి మెల్లగా వాలతాయి. ఎండ పడేవైపు వార్నిష్ లేత పసుపుకి తిరిగింది. రెండుపక్కలూ ఒకేసారి చూస్తేగానీ తెలియదు. దుమ్ము మాత్రం నెలకోసారి మెత్తటి మేకప్ బ్రష్‌తో దులపాల్సిందే. అక్షరాల స్టిక్కర్లు ఒక్కటీ లేవలేదు.

మొదటి కిట్‌గా దీన్ని కొనకండి. ఇంతకు ముందు రెండుమూడు మామూలు కిట్లు చేసి, ఒక్కసారైనా సోల్డర్ పట్టినవాళ్ళకైతే ధైర్యంగా కొనమంటాను. ప్లాస్టిక్ పనితనానికి నా మార్కులు పదికి ఎనిమిది. తగ్గించిన రెండూ పొట్టలోకి చేయిపెట్టే దారి ఇవ్వనందుకు. కొన్నప్పుడే రెండు డబ్బాలు నల్లరంగు కూడా తెచ్చుకోండి, ఒకటి చాలదు.