కారిడార్ చివరి గది: ఒక సంతాన సాఫల్య కేంద్రంలో కౌన్సెలింగ్

విజయవాడలో మేము చూపించుకుంటున్న సంతాన సాఫల్య కేంద్రంలో కౌన్సెలింగ్ గురించి మాత్రమే రాస్తున్నాను. పేరు రాయను. కౌన్సెలర్‌ను పొగిడి, అదే చేత్తో రిసెప్షన్‌ను తిట్టబోతున్నాను కాబట్టి.

నాకు ముప్పై రెండేళ్లు, ఏలూరులో బ్యాంకు ఉద్యోగం. అయిదు నెలలు నెలసరి రాకపోతే పని ఒత్తిడి అనుకున్నాను. పరీక్ష చేయిస్తే, అండాశయాలను నడిపించే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ 61. నలభై లోపు వాళ్లకు 25 దాటితేనే అండాశయాల మీద అనుమానపడతారు. మొదట చూపించుకున్న వేరే ఆస్పత్రిలో డాక్టరు "ఓవరీలు ఫెయిలయ్యాయి, డోనర్ ఎగ్ ఒక్కటే దారి", అంటే వేరొకరు దానం చేసే అండమే గతి అని నాలుగు నిమిషాల్లో తేల్చేసి, తర్వాతి పేషెంటును పిలిచారు.

ఇక్కడ డాక్టరు చికిత్స మాట ఎత్తకముందే నన్ను కారిడార్ చివరి గదికి పంపారు. హాలు గోడల నిండా బోసినవ్వుల పసిపిల్లలే. ఆ గదిలో మాత్రం ఒక్క ఫొటో లేదు. మూడు కుర్చీలు, సీసాలో మనీప్లాంట్, అంతే. సగం ఊపిరి అక్కడే తేలికపడింది.

నలభై అయిదు నిమిషాలకు ఎనిమిది వందలు. ఎలాగూ ఏడుస్తానని రెండు చేతిరుమాళ్లు పట్టుకెళ్లాను. కౌన్సెలర్ ముందు అడిగింది "రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది?" అని. రెండింటికి, ఒళ్లంతా చెమటతో తడిసిపోయి. అదంతా బెంగ అనుకున్నాను. కొంత బెంగే, కొంత ఈస్ట్రోజన్ తగ్గడం అని చెప్పి, చీటీ రాసి డాక్టరు దగ్గరికే తిప్పి పంపారు. హార్మోన్ మాత్రలు మొదలుపెట్టాక నిద్ర పట్టింది. అవి పిల్లల కోసం కాదనీ, ఎముకలకూ గుండెకూ అవసరమనీ, మామూలుగా నెలసరి ఆగిపోయే వయసు దాకా వాడాలనీ అంతకుముందు నాకెవరూ చెప్పలేదు. "ఫెయిల్" అన్న మాటనూ ఆవిడే చెరిపేశారు. ఈ స్థితిలో అండాశయాలు అప్పుడప్పుడూ పనిచేస్తాయట. నూటికి అయిదు నుంచి పది మందికి గర్భం దానంతటదే వస్తుందట. "దీన్ని ఆశగా పట్టుకుని కూర్చోకండి, అబద్ధమనీ అనుకోకండి" అన్నారు.

రెండోసారి వెళ్లినప్పుడు చెవుల సంగతి బయటపడింది. మా ఇంట్లో బిడ్డ పుడితే ముందు చెవులు చూస్తారు. అమ్మమ్మవి బుగ్గకు అతుక్కున్న తమ్మెలు. అమ్మవీ నావీ అంతే. బుట్టలు పెడితే వేలాడవు, చెంపకు ఆనుకుంటాయి. దాత అండం తీసుకుంటే ఆ చెవులు నాతో ఆగిపోతాయి. ఇంత చిన్నదానికి దుఃఖమా అని సిగ్గుపడి మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆవిడ నవ్వలేదు, సర్దిచెప్పనూ లేదు. "అమ్మమ్మ ఇంకా ఎలా ఉండేవారు?" అని అడిగి అరగంట మాట్లాడించారు. పక్కన మా ఆయన రెండో చేతిరుమాలు అందుకున్నారు.

దాతకు 23 నుంచి 35 ఏళ్లుండాలనీ, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలనీ, ఏడు అండాలకు మించి తీయకూడదనీ సంతాన సాఫల్య చికిత్సల మీద వచ్చిన 2021 చట్టంలో ఉన్న నియమాలు తీరిగ్గా వివరించారు. దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వాలనీ ఆ చట్టంలోనే ఉంది. నాలుగు నిమిషాల డాక్టరు గుర్తొచ్చారు.

"విశేషమేమైనా ఉందా?" అనే పెద్దమ్మకు జవాబు కూడా అక్కడే సాధన చేశాను. శ్రీమంతాలకు చీర పంపితే చాలు, మనిషి వెళ్లక్కర్లేదు అన్న సలహాకైతే ఎనిమిది వందలూ చెల్లు.

ఇక తిట్లు. రిసెప్షన్‌లో అమ్మాయి నిండు హాల్లో "డోనర్ సైకిల్ వాళ్లు ఎవరండీ?" అని కేక వేసింది. ఇద్దరం తల దించుకున్నాం, మూడో ఆవిడ బయటికే వెళ్లిపోయింది. టోకెన్ నంబరు పిలవడానికి ఏం పోయింది? అంగీకార పత్రాలన్నీ ఇంగ్లీషులోనే. పైగా కౌన్సెలర్ ఉండేది శనివారాలే. మా బ్యాంకుకు రెండో, నాలుగో శనివారాలు మాత్రమే సెలవు. మధ్యలో ఒక రాత్రి ఉండబట్టలేక ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేశాను. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు.

కౌన్సెలర్‌కు అయిదుకు అయిదు, హాలుకు రెండు. పత్రాల మీద మేమింకా సంతకం పెట్టలేదు, ఎవరూ తొందరపెట్టడం లేదు. వచ్చే రెండో శనివారం అమ్మ కూడా వస్తానంటోంది. మూడో కుర్చీ ఎలాగూ ఉంది.