కర్నూలులో బ్యాంకు లాకర్లో ఖరీదైన వాచీలు పెట్టొచ్చా? మూడేళ్ళ నా అనుభవం

మొన్న మార్చిలో లాకరు తెరిచి ఒమెగా వాచీ బయటికి తీస్తే తోలు బెల్టంతా తెల్లగా బూజు. వేలితో రాస్తే పిండిలా రాలింది. పదమూడు నెలలు తెరవకుండా వదిలేశాను, అది నా తప్పే. కానీ ఆ గదిలో గోడకు రెండడుగుల ఎత్తు దాకా చెమ్మ ఎక్కి, సున్నం పెచ్చులుగా లేచిపోయి ఉంది, అదీ ఆ రోజే కంటపడింది. బ్యాంకు పేరు రాయను. వాచీలు దాచుకోవడానికి లాకరు తీసుకునేవాళ్ళు ముందే ఏం చూసుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నా.

నేను పెట్టినవి మూడు. మా మేనమామ కువైట్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేసి కొనుక్కున్న రోలెక్స్ డేట్‌జస్ట్, ఆయనదే ఒమెగా డి విల్, ఇంకొకటి మా ఆవిడ టిస్సాట్, సెల్లుతో నడిచేది. ఆ రెండూ చేతికిస్తూ మామ ఒకటే అన్నాడు, "అమ్మితే అమ్ముకో, పాడు మాత్రం చెయ్యొద్దురా" అని. అందుకే ఇంత పట్టింపు.

ఇంట్లో ఎందుకు పెట్టలేదంటే 2009 అక్టోబరు 2. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చినప్పుడు మేం పాతూళ్ళో ఉండేవాళ్ళం. నాన్న హెచ్‌ఎంటీ జనతా బీరువా కింది అరలో ఉండిపోయింది. నీళ్ళు తీశాక చూస్తే అద్దం లోపల, డయల్ మీద, ఆరు అంకె దగ్గర సన్నని ఒండ్రు గీత. నాన్న దాన్ని తుడిచి మూడు రోజులు ఎండలో పెట్టాడు. తర్వాత రిపేరాయన దగ్గరికి తీసుకెళితే, నీళ్ళు పోయిన వాచీని గంటల్లో విప్పించాలి, ఎండబెడితే లోపలి తడి ఎక్కడికీ పోదు, తుప్పు మొదలవుతుంది అన్నాడు. ఆ వాచీ మళ్ళీ నడవలేదు. అప్పటి నుంచి విలువైన వస్తువు నేల మట్టంలో ఉందంటే నాకు టెన్షనే.

అయినా లాకరు తీసుకునేటప్పుడు అది గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉందా, మొదటి అంతస్తులో ఉందా అని అడగాలనే తోచలేదు. మీరు మాత్రం మొదట అదే అడగండి. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, బ్యాంకు ఉద్యోగుల మోసం వల్ల లాకర్లో వస్తువు పోతే, బ్యాంకు ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా ఇవ్వాలి. వరద, భూకంపం, పిడుగు లాంటి వాటికి ఆ బాధ్యత లేదు, కాకపోతే తన భవనం విషయంలో తగిన జాగ్రత్త తీసుకోవాలని ఉంది. నా అద్దె ఏడాదికి 3,000, దాని మీద జీఎస్టీ. అంటే ఎక్కువలో ఎక్కువ 3 లక్షలు. ఆ డబ్బుకు కొత్త డేట్‌జస్ట్ రాదు. చెమ్మ సంగతి మేనేజరు గారికి చెబితే, "లోపల ఏం పెట్టారో మాకు తెలియదు కదా సార్" అన్నారు. అది నిజమే, లాకర్లో ఏముందో బ్యాంకుకు తెలియదు. గోడ మాత్రం బ్యాంకుదే కదా మేడం అన్నాను, రాసిచ్చి వచ్చాను.

బాగున్న విషయాలూ చెప్పాలి. దొంగల భయం లేదు. లాకరు తెరిచిన రోజే ఫోనుకు మెసేజ్ వస్తుంది. పైగా మన ఎండలకు పడమటి గోడకు ఆనించిన ఇనప బీరువా మే నెలలో చెయ్యి పెట్టలేనంత కాలిపోతుంది, వాచీలో నూనెలకు అంత వేడి మంచిది కాదు. లాకరు గది చల్లగా ఉంటుంది.

ఇప్పుడు పద్ధతి మార్చాను. తోలు బెల్టు విప్పేసి ఇంట్లోనే గాలి తగిలేలా ఉంచుతున్నా. వాచీలను మెత్తటి గుడ్డలో విడివిడిగా చుట్టి, మూతకు రబ్బరు రింగు ఉండి గట్టిగా బిగిసే డబ్బాలో పెట్టి, సిలికా జెల్ సంచులు వేస్తున్నా. నారింజ రంగు గింజలవి కొనండి, చెమ్మ పీల్చుకున్నాక ఆకుపచ్చగా మారతాయి, ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తాయి. డబ్బాలో తేమ చూపించే చిన్న మీటరు కూడా పడేశాను. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. బీరువాలో చీరల మధ్య వేసే కలరా ఉండలు మాత్రం వెయ్యొద్దని రిపేరాయన గట్టిగా చెప్పాడు.

టిస్సాట్ సంగతి ఇంకా బాధ. సెల్లు తియ్యకుండా పెట్టాను. అది అయిపోయి, కారి, లోపలి మెషీన్ పాడుచేసింది. నెలల తరబడి పక్కన పెట్టే వాచీలో సెల్లు తీయించి పెట్టండి. సెల్లు లేకుండా చేతి కదలికతో నడిచే ఆటోమేటిక్ వాటికి ఆ గొడవ లేదు, ఆగిపోతే ఆగిపోనివ్వండి, తిప్పుతూ ఉండే వైండర్ మెషీన్ కొనాలని కొందరంటారు గానీ మామూలు తేదీ వాచీకి అది అక్కర్లేదని నా అభిప్రాయం. ఇప్పుడు మూడు నెలలకోసారి వెళ్ళి రెండింటికీ కీ ఇచ్చి, కాసేపు నడిపి, క్రౌన్ (పక్కనుండే కీ బొడిపె) మళ్ళీ లోపలికి నొక్కి, డేట్‌జస్ట్‌ది బిగించి కూడా, పెట్టేసి వస్తున్నా. బిల్లు, వారంటీ కార్డు, వాచీల సీరియల్ నంబర్ల ఫోటోలు మాత్రం వేరే చోట ఉన్నాయి.

నిన్న మళ్ళీ వెళితే గోడ అలాగే ఉంది. మొదటి అంతస్తులో లాకర్లున్న ఇంకో బ్యాంకు వెయిటింగ్ లిస్టులో పేరు రాయించాను, నంబరు ఇచ్చారు. ఖాళీ అయిన రోజే మార్చేస్తా.